బాపు బిగించిన బగ్గీ

మొదటి మలుపులోనే సంతోషి బగ్గీ మొరాయించింది. చేతిలోని రిమోట్ చక్రాన్ని ఆమె కుడికి పూర్తిగా తిప్పేసింది. మూరెడు పొడవున్న ఆ బండి మాత్రం ముక్కుసూటిగా దూసుకుపోయి, మలుపు అంచున పేర్చిన పాత టైర్లకు గుద్దుకుని వెల్లకిలా పడింది. వెనకొచ్చిన బండ్లన్నీ దుమ్ము లేపుకుంటూ దాన్ని దాటి వెళ్లిపోయాయి.

ఆదివారం, పైగా రిమోట్ బండ్ల పందెం కాబట్టి కాలనీ మైదానం నిండా జనం. మొదటి రౌండులో ఆమెదే ఆఖరి స్థానం.

"అక్కా, స్టీరింగ్ ఇంట్లనే మర్చిపోయి వచ్చినవా?" అన్నాడు పోటీకొచ్చిన రుత్విక్. చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు.

సంతోషి చెవులు వేడెక్కాయి. నిన్న సాయంత్రం ఇదే మలుపులో ఎంత హాయిగా తిరిగింది! జ్యోతినగర్‌లో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం ముగించుకుని వచ్చి, రోజూ ఈ బగ్గీ ముందే కూర్చుంది. ముందువైపు మెత్తటి తెల్ల స్ప్రింగులు వేసింది. ముందు చక్రాల ముక్కులను వెంట్రుకవాసి చెరోవైపు బయటికి తెరిచి పెట్టింది. బండి కాస్త ముందుకు వంగితేనే ఆ చక్రాలు నేలను పట్టుకుంటాయని, ఎన్నోసార్లు పాడు చేసుకుని మరీ నేర్చుకుంది.

బండిని తెచ్చి బల్ల మీద పెట్టి పైమూత తీసింది. తెల్ల స్ప్రింగులు ఉండాల్సిన చోట నల్లవి ఉన్నాయి. గట్టివి. బయటికి తెరిచిన చక్రాలు దారం పట్టి సరిచేసినట్టు తిన్నగా ఉన్నాయి.

ఇంట్లో ఆ పని చేయగలిగిన మనిషి ఒక్కడే. ఓపెన్‌కాస్టు బొగ్గు గని వర్క్‌షాపులో డంపర్ లారీలు బాగుచేసే ఫిట్టరు జగదీశ్వర్, ఆమె తండ్రి. మైదానం చుట్టూ కట్టిన తాడు అవతల చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"బాపు, నా బండి ముట్టినవా?"

"పొద్దుగాల నువ్వు తానానికి వోయినప్పుడు చూసిన బిడ్డా. ముంగట కుంగినట్టున్నది. గట్టి స్ప్రింగులేసిన. చక్రాలు గూడ వంకరున్నయని సక్కగ చేసిన." మెచ్చుకుంటుందేమోనని ఆమె మొహంలోకి చూశాడు.

ఆ చూపుకే ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"వంకర గాదు, నేనే గట్ల వెట్టిన! నన్నొక్క మాట అడిగితే ఏం పోయింది?"

"నీ మంచికే గదా చేసిన."

"అన్నీ నా మంచికే! పాలిటెక్నిక్‌ల మెకానికల్ తీసుకుంటనంటే, నాకు చెప్పకుంట కంప్యూటర్స్ పెట్టి వచ్చినవ్. ఆడివిల్ల చేతులకు మసెందుకన్నవ్. గదీ నా మంచికే. నా స్కూటీ బ్రేకులు నన్నడగకుంట బిగిస్తవ్. నేను మనిషినా, నీ వర్క్‌షాపుల నిలవెట్టిన బండినా?"

చుట్టూ ఉన్నవాళ్లు వాళ్లవైపు తిరిగారు. జగదీశ్వర్ మొహం నల్లబడింది.

"నలుగుర్ల గిట్ల అరుస్తవా?"

"నా బండి గూడ నలుగుర్లనే టైర్లకు గుద్దింది."

అతను స్క్రూడ్రైవర్ కోసం చేయి చాపాడు. "తే, జల్ది విప్పిస్త."

"ముట్టకు."

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. జగదీశ్వర్ చేయి వెనక్కి తీసుకున్నాడు.

కోపంగానే నల్ల స్ప్రింగులు విప్పి, పనిముట్ల డబ్బాలోంచి తెల్లవి తీసింది. ఒక స్ప్రింగు జారి బొగ్గు దుమ్ములో పడింది. వెతికి తీసి, తుడిచి మళ్లీ బిగించింది. చక్రాలను కంటి అంచనాతోనే తెరిచింది. అవి కుదిరాయో లేదో రెండో రౌండుకు ముందే బండిని పరుగెత్తించి చూస్తే గానీ తెలియదు. నిలబడ్డ చోటి నుంచి దూరపు మలుపు సరిగా కనబడదు. ఎవరో ఒకరు అక్కడుండి చూడాలి.

"బాపు," అంది, అతని వైపు చూడకుండానే. "గా మలుపు కాడ నిలబడు. జారుతున్నయి ముంగటి చక్రాలా, ఎనుకటియా చూసి చెప్పు. బండిని మాత్రం ముట్టొద్దు."

అతను కదల్లేదు. ఇంటికి వెళ్లిపోతాడేమో అనుకుంది. కానీ తాడు కింది నుంచి వంగి దూరి, మైదానం దాటి వెళ్లి మలుపు దగ్గర నిలబడ్డాడు. ఆమె బండిని ఒక చుట్టు తిప్పింది.

"ముంగటియి మస్తు పట్టినయ్! ఎనుకటియి జారుతున్నయ్!" అటునుంచి అరిచాడు.

స్టీరింగ్ మరీ ఎక్కువ తిరుగుతోందన్నమాట. రిమోట్‌లో దాన్ని కొంచెం తగ్గించింది. మళ్లీ తిప్పింది. ఈసారి అటునుంచి అరుపు రాలేదు. అతని చేయి మాత్రం పైకి లేచింది.

రెండో రౌండులో ఆమె మూడో స్థానంలో వచ్చింది. ఒక మలుపులో రుత్విక్ బండిని లోపలి నుంచి దాటేసింది కూడా. తిన్నగా ఉన్న దారిలో అతను మళ్లీ ముందుకెళ్లి గెలిచాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

తిరుగు దారిలో స్కూటీ ఆమే నడిపింది. చౌరస్తా దాటాక వెనక కూర్చున్న జగదీశ్వర్ ముందుకు వంగాడు.

"బిడ్డా, చక్రాలు గట్ల బయటికి తెరిస్తే బండి ఎందుకు మంచిగ మల్లుతది?"

ఇన్నేళ్లలో తండ్రి తనను ఇలాంటి సంగతి అడగడం అదే మొదటిసారి. అయినా ఆమె గొంతు మెత్తబడలేదు.

"ఇప్పుడు చెప్ప. నాకింకా కోపం పోలే."

"పోయినంకనే చెప్పు," అన్నాడు జగదీశ్వర్.