సంచుల దగ్గర మనిషి

"నీళ్ళు పెట్టావా?" అని ఆయన అడిగేసరికి నేను రెండో సీసా మూత బిగిస్తున్నాను. ఇరవై నాలుగేళ్ళలో నేను నీళ్ళు పెట్టకుండా ఇల్లు కదిలిన రోజు లేదు. ఆయన ఆ మాట అడక్కుండా గడప దాటిన రోజూ లేదు. "పెట్టాను" అన్నాను. మా ఇంట్లో బయటికి వెళ్ళడమంటే నాలుగు సంచులు. ఒకదాంట్లో నీళ్ళూ, తినేవీ. ఒకదాంట్లో తువ్వాలూ, తడిస్తే మార్చుకోవడానికి ఆయనకో చొక్కా. చిన్న సంచిలో మాత్రలు, కళ్ళజోళ్ళ పెట్టెలు, దువ్వెన. నాలుగోది ఖాళీ సంచి, మడిచి పెడతాను. అక్కడికి వెళ్ళాక ఒక్కొక్కరూ విప్పి నా చేతికిచ్చేవి ఉంటాయిగా, వాటికి.

ఈసారి మమ్మల్ని తీసుకెళ్తున్నది మా అమ్మాయి. దాని చిన్నప్పుడు సెలవులు వచ్చినప్పుడల్లా వెళ్ళిన సైన్సు మ్యూజియానికే. "నెలకో ఆదివారం మధ్యాహ్నం పిల్లల్ని రానివ్వరటమ్మా. పెద్దవాళ్ళే ఆడుకోవాలట. ఏదైనా ముట్టుకోవచ్చు, ఎక్కొచ్చు, ఎవరూ ఏమీ అనరు" అంది. "పిల్లల్లేకుండా మనకక్కడేం పని?" అన్నారు ఆయన. అయినా అందరికంటే ముందు చెప్పులేసుకున్నదీ, తమ్ముడికి ఫోన్ చేసి నువ్వూ రారా అన్నదీ ఆయనే.

లోపల ఏమీ మారలేదు. అదే ఎత్తైన హాలు, అదే రబ్బరు నేల, చెయ్యి పెడితే జుట్టు లేచి నిలబడే అదే ఇత్తడి గోళం. చెప్పులు విప్పేసే తిరగాలి. ఆయన చెప్పులు, మా మరిది బూట్లు, అమ్మాయి చెప్పులు బెంచీ కింద వరసగా పెట్టాను. పెట్టి, ఆ బెంచీ మీదే కూర్చున్నాను. నన్నెవరూ కూర్చోమనలేదు. నా కాళ్ళే తీసుకెళ్ళాయి. ఏళ్ళ తరబడి ఒకే మేకుకి కట్టిన పశువు తాడు విప్పినా అక్కడే తిరుగుతుందే, అలాగ.

ఆ బెంచీ నాకు బాగా తెలుసు. మూడేళ్ళలో ఏడుసార్లు వచ్చాం. అక్కడి నుంచి కనిపించేది వంకర అద్దం వెనకవైపు చెక్క. అద్దంలో తమ పొట్టల్నీ మెడల్నీ చూసుకుని జనం విరగబడి నవ్వుతుంటే, నేను ఆ చెక్కనీ, దానికి కొట్టిన పదకొండు మేకుల్నీ చూస్తూ కూర్చునేదాన్ని. మొదటిసారి మా అత్తగారు కూడా వచ్చారు. తన శాలువా నా భుజం మీద వేస్తూ, "మా కోడలు తోడుంటే గోడకి కొక్కెం ఉన్నట్టే. ఏదైనా తగిలించెయ్యొచ్చు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మెచ్చుకున్నారనే అనుకున్నాను అప్పుడు.

నేను డిగ్రీలో చదివింది భౌతికశాస్త్రం. ఆ హాల్లో ఉన్న ప్రతి ఆటా నా పుస్తకాల్లోదే. ఆ మొదటిసారే నీడల గది గురించి బోర్డు మీద చదివి, ఆ గోడకి వెలుతురు తాగి దాచుకునే పూత ఉంటుందనీ, మెరుపు మెరిసినప్పుడు మనం అడ్డున్నంత మేర తాగదనీ, అందుకే మనం పక్కకి వెళ్ళిపోయినా నీడ అక్కడే ఉంటుందనీ అమ్మాయికి చెప్పబోయాను. "అబ్బో, సైంటిస్టు గారు! ముందా సీసా మూత గట్టిగా పెట్టు, కారుతోంది" అన్నారు ఆయన. నిజంగానే కారుతోంది. మూత పెట్టాను. చెప్పబోయింది చెప్పలేదు.

అప్పుడు దానికి ఏడేళ్ళు. పరిగెత్తుకొచ్చి నా కొంగు లాగింది. "అమ్మా, నీడ గోడకి అంటుకుపోతుంది, రా!" నాన్నతో వెళ్ళమ్మా, సంచులున్నాయి అన్నాను. ఆయన దూరం నుంచే, "అమ్మనెందుకే లాగుతావు? సంచుల దగ్గర ఒక మనిషి ఉండాలిగా" అన్నారు. రెండోసారి వచ్చినప్పుడూ పిలిచింది. మూడోసారి "అమ్మా, ఒక్కసారే" అంది. నాలుగోసారి పిలవలేదు. స్వెట్టరు విప్పి నా ఒళ్ళో పడేసి, నా మొహం వైపైనా చూడకుండా పరిగెత్తింది. ఆ రోజు నాకు హాయిగా అనిపించింది. అమ్మయ్య, పిల్లకి బుద్ధి వచ్చింది, విసిగించడం మానేసింది అనుకున్నాను.

ఇవాళ బెంచీ చుట్టూ అంతా పెద్దవాళ్ళే. నెరిసిన జుట్టాయన ఒకాయన నేల మీద బోర్లా పడుకుని బంతిని గొట్టంలోకి ఊదుతున్నాడు. లావుపాటి ఆవిడ ఒకావిడ కప్పీల కుర్చీలో కూర్చుని, తాడు పట్టుకుని తనని తానే పైకి లాగేసుకుని "నేనే! నేనే లాగాను!" అని కేకలేస్తోంది. మా ఆయన సబ్బునీళ్ళ రింగులో నిలబడి తాడు లాగితే, తలదాకా బుడగ లేచి టప్పున పగిలింది. ఆయన నవ్వారు. పొట్ట పట్టుకుని, వంగిపోయి, గొంతు మారిపోయేలా నవ్వారు. ఈ మనిషి ఇలా నవ్వగలడా అని చూస్తూ ఉండిపోయాను. కోపం రాలేదు. ఆడుకుంటున్నప్పుడు ఎంత బాగున్నారో! ఇంటికొచ్చేసరికి ఆ మనిషిని ఎక్కడ వదిలేసి వస్తారో!

"లే అమ్మా. నేను కూర్చుంటా, నువ్వెళ్ళు" అంది అమ్మాయి, వచ్చి పక్కన కూర్చుంటూ. నా జవాబు కోసం చూడలేదు. రెండు సంచులు ఎడమ భుజానికి తగిలించుకుంది. మూడోది మోచేతి మడతలోకి జార్చింది. నాలుగోది ఒళ్ళో పెట్టుకుని, చెప్పుల జతలు రెండు పాదాల మధ్యకి లాక్కుంది. అచ్చం నాలాగే. నేను దానికి వంట నేర్పడానికి తిప్పలు పడ్డాను, లెక్కలు నేర్పడానికి గొంతు పోయేలా అరిచాను. ఇది మాత్రం నేర్పలేదు. నేర్పకుండానే ఒక్క వంక లేకుండా వచ్చేసింది.

అప్పుడే నీలం కోటు వేసుకున్న అక్కడి పనావిడ అటుగా వచ్చింది. నా వయసే ఉంటుంది. "అయ్యో, అవన్నీ మోసుకుని కూర్చున్నారేంటమ్మా? లాకర్లున్నాయి కదా."

"లాకర్లా? ఎప్పుడు పెట్టారు?"

"ఎప్పుడు పెట్టడమేంటండీ, తెరిచిన రోజు నుంచీ ఉన్నాయి. అదిగో, మీ వెనకే."

వెనక్కి తిరిగాను. గోడ పొడవునా ఆకుపచ్చ తలుపులు, వాటికి తెల్ల అంకెలు, తాళంచెవులు. నా వీపుకి నాలుగడుగుల దూరంలో. ఏడుసార్లు ఇక్కడ కూర్చున్నాను. ఏడుసార్లూ నా వాళ్ళు ఆడుకునే వైపే చూశాను. వెనక్కి ఒక్కసారి తల తిప్పి ఉంటే చాలు.

ఆయన గడియారం విప్పుకుంటూ వచ్చారు. "ఇది పట్టుకో, నీళ్ళ ఆట దగ్గరికి వెళ్తున్నా."

"ఇక్కడ లాకర్లున్నాయటండీ" అన్నాను.

"ఉన్నాయిలే. నువ్వుండగా లాకరెందుకు?"

మా మరిది నవ్వాడు. "మా వదినకైతే తాళం కూడా అక్కర్లేదు."

మా ఆయన గొంతులో వెటకారం లేదు. అబద్ధం లేదు. తెలిసీ దాచానన్న జంకు కూడా లేదు. వానొస్తోంది గొడుగు తీసుకో అన్నంత మామూలుగా అన్నారు. ఆయనకి మొదటి నుంచీ తెలుసు. తెలిసి, లాకరునీ నన్నూ పక్కపక్కన పెట్టి చూసుకుని, నేనే మేలనుకున్నారు.

గడియారం తీసుకున్నాను. అమ్మాయి భుజం మీది సంచులు ఒక్కొక్కటే దించాను. అది "ఏంటమ్మా?" అంటున్నా వినిపించుకోలేదు. ఇరవై ఏడో నంబరు తలుపు తీసి సంచులు, చెప్పులు, గడియారం అన్నీ లోపల పెట్టి తాళం వేశాను. ఎంతలో అయిపోయింది ఆ పని! "పద, నీడల గదికి" అన్నాను. అమ్మాయి నన్ను వింతగా చూసింది. ఆ తర్వాత దాని మొహం ఏడేళ్ళదైపోయింది, ఒక్క క్షణం.

నల్ల తెర తప్పించుకుని లోపలికి వెళ్ళాం. చీకటి. ఇద్దరం గోడకి ఆనుకుని నిలబడ్డాం. తళుక్కున మెరుపు. పక్కకి జరిగి వెనక్కి తిరిగి చూశాం.

లేత ఆకుపచ్చగా వెలుగుతున్న గోడ మీద నేను. ఎడమ భుజం కిందికి వంగి ఉంది. మోచెయ్యి ఒంటికి దూరంగా, మడిచి ఉంది. వేళ్ళు దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి.

చీకట్లో అమ్మాయి మెల్లగా అడిగింది. "సంచులు లాకర్లో పెట్టేశావుగా, అమ్మా?"

"పెట్టేశాను."

నేను దాని నీడ వైపు చూశాను. నాకంటే పొడుగు, సన్నం, మంచి మెడ. ఎడమ భుజం మాత్రం నాదే. కొంచెమే దిగింది, ఇప్పుడిప్పుడే.

"ఎంతసేపుంటుందమ్మా ఇది?"

"గోడ తాగిన వెలుతురు అయిపోయేదాకా. ఒక నిమిషం, రెండు నిమిషాలు." పదమూడేళ్ళ కిందట చెప్పాల్సిన మాట. అప్పుడైతే ఇంకో వంద ప్రశ్నలు అడిగేది. ఇప్పుడు "ఊఁ" అంది.

తెర బయట నుంచి ఆయన గొంతు. "ఇదిగో, ఎక్కడున్నావు? ఒళ్ళంతా తడిసిపోయాను. నా చొక్కా ఏదీ? సంచులేవీ?"

తెర సందులోంచి చెయ్యి బయటికి చాపి, తాళంచెవి ఆయన తడి అరచేతిలో పెట్టాను. "ఇరవై ఏడు. ఏది ఎక్కడుందో మీరే వెతుక్కోండి."

"నువ్వు రావా?"

"ఆడుకుంటున్నాను" అన్నాను. ఆ మాట నా నోటికి ఎంత కొత్తగా ఉందంటే, తప్పు పలికానేమో అనిపించింది.

తెర మూశాను. గోడ మీద మా నీడలు అప్పటికే కరిగిపోతున్నాయి. మళ్ళీ ఇద్దరం గోడకి ఆనుకున్నాం. "ఈసారి చేతులు పైకెత్తమ్మా, రెక్కల్లాగ" అంది అమ్మాయి. నేను ఒక్క చెయ్యే ఎత్తాను. రెండోది దాని ఎడమ భుజం కింద పెట్టి, మెరుపు వచ్చేలోపల పైకి లేపి పట్టుకున్నాను.