చదివిందా మేడం?

ఉప్మాలో ఆవాలు మాడినాయని హరిణి మొగుడు రాఘవేంద్ర ప్లేటు పక్కకు నెట్టాడు. "పరీక్షలు నీ బడిలోనా, మన ఇంట్లోనా?" అన్నాడు. హిందూపురంలో చీరల అంగడి ఆయనది. కొట్లో ఆడవాళ్ళతో ఎంత తీయగా మాట్లాడతాడో, ఇంట్లో అంత పొదుపు. అత్త లక్ష్మీదేవి అందుకుంది: "దానికేమప్పా, పిల్లకాయలకు కతలు చదివి జీతం తెచ్చుకుంటాది."

హరిణి అత్త మాత్రలు గిన్నెలో వేసి, బస్సుకు పరుగెత్తింది. పెనుకొండలో దిగి, ఆటో ఎక్కి, ఊరి బడి చేరేసరికి తొమ్మిది. కతలట. కత చదివి ఎన్నాళ్ళయింది? ఒకప్పుడు రోజూ చివరి పీరియడు చదివేది. మూడో తరగతి వనిత, గొర్రెలు మేపే దాసప్ప కూతురు, జరిగి జరిగి ఆమె మోకాలికి ఆనుకునేది. జనవరి నుంచి ఆ పీరియడంతా ఫోనుకే పోయింది. హాజరు ఎక్కించాలి, భోజనం ఫోటోలు ఎక్కించాలి, మార్కులు ఎక్కించాలి. అవన్నీ హెడ్మాస్టరు బసవరాజు చేయవలసినవి. "ఆడవాళ్ళకు ఓపిక ఎక్కువ మేడం" అంటూ అప్పగించాడు. మెచ్చుకుని మోయించే బరువుకు కూలి ఉండదు.

ఆ రోజు పిల్లల చదువు పరీక్షించడానికి ధర్మవరం నుంచి తిరుపాల్ సారు వచ్చాడు. పోయినేడు ఇచ్చిన కొంగ పాఠమే మళ్ళీ ఇస్తారని హరిణి మూడు వారాలు దాన్నే పిల్లల చేత వల్లె వేయించింది. సారు వనిత చేతికిచ్చింది వేరే కాగితం, సంత గురించి. వనిత వేలు పెట్టి మొదలుపెట్టింది. "చెరువులో నీళ్ళు తగ్గాయి. కొంగ ఒంటికాలి మీద నిలబడింది..." ఎక్కడా తడబడలేదు. సంతలో ఉల్లిగడ్డలన్న అక్షరాల కిందుగా వేలు సాఫీగా జరిగిపోతోంది.

తిరుపాల్ ఫోనులో సిగ్నలు వెతుక్కుంటున్నాడు. తలెత్తకుండానే, "చదివిందా మేడం?" అన్నాడు.

"చదివింది సార్."

ఆయన ఫోనులో 'చదవగలదు' అని నొక్కేశాడు. చదవడం రాని పిల్లలకు రోజూ ఒక గంట విడిగా కూర్చోబెట్టి నేర్పాలని ఉత్తర్వు. ఇప్పుడా గంట వనితకు లేదు. వచ్చే ఏడు నాలుగో తరగతి. అక్కడ అక్షరాల దగ్గర ఆగేవాళ్ళెవరూ ఉండరు.

మధ్యాహ్నం కొళాయి దగ్గర వనిత అన్నం తిన్న తట్ట కడుక్కుంటుంటే హరిణి పక్కన కూర్చుంది. "ఆ కాగితంలో కొంగ యాడుండాది పాపా?"

"తెలీదు మేడం."

"మరెట్లా చదివితివి?"

"మీరు చదివినట్లే. మీరు ఫోను చూస్తా, దానిమీద వేలు జరుపుతా, నోటితో కొంగ పాఠం చెప్తాంటిరి గదా. నేను కాగితం మింద జరిపితిని." ఆ గొంతులో కొంటెతనం లేదు. పని నేర్చుకున్న పిల్ల గర్వం ఉంది.

ఇంట్లో ఎవరెన్ని అన్నా లోపల హరిణికి ఒక మాట ఉండేది: బడిలో నా పని నేను సరిగ్గా చేస్తాను. ఆ మాట పట్టుకునే పదిహేనేళ్ళు నెట్టుకొచ్చింది. ఈ పిల్ల దాన్ని తెలియకుండానే చేతిలోంచి తీసేసుకుంది. చీర కుచ్చిళ్ళు తడుస్తున్నాయని కూడా ఆమెకు తెలియలేదు.

ఆఫీసు గదిలో తిరుపాల్ భోంచేస్తున్నాడు. ఆమెను చూడగానే బసవరాజు తన ఫోను చాచాడు. "భోజనం ఫోటోలు ఎక్కించేయండి మేడం. మన బడికి ఈసారి నూటికి నూరు."

ఆమె ఫోను అందుకోలేదు. తిరుపాల్ వైపు తిరిగింది. "సార్, వనితకు చదవను రాదు. పొద్దున అబద్ధం చెప్పినాను. దిద్దండి."

"ఊరుకోండి మేడం" అన్నాడు బసవరాజు. "పాపం, పిల్ల పేరెందుకు చెడగొడతారు?"

తిరుపాల్ ఎడమచేత్తో ఫోను తీశాడు. కాసేపు వెతికాడు. "దిద్దొచ్చు. కానీ కారణం అడుగుతాండాది మేడం. ఏమని రాసేది?"

బసవరాజు చెయ్యి ఇంకా చాచే ఉంది.

"టీచరు చదివి వినిపించలేదని రాయండి."