మందు పెట్టే ముందు

బస్సు డ్రైవరు చెయ్యి మళ్లీ లేచింది. నోట్లోంచి దిగిన ఊపిరి గొట్టం వైపే. నర్సు అతని మణికట్టు పట్టుకుని ఆపింది.

ఐసీయూలో అందరూ ఆమెను ఆగమ్మ అంటారు. ఎవరు తొందరపడినా "ఆగమ్మా" అనడం ఆమె అలవాటు.

న్యుమోనియాతో వచ్చిన డ్రైవరుకి ఉదయమే నిద్రమందు ఆపేశారు. "నెమ్మదిగా ఉండి సొంతంగా ఊపిరి తీసుకుంటే మధ్యాహ్నం గొట్టం తీసేద్దాం. పెనుగులాడితే మందు మళ్లీ పెట్టు. నిర్ణయం నీదే," అని డాక్టరు చెప్పి వెళ్లాడు. మందు పెడితే ఇవాళ్టికి ఇక గొట్టం తీయరు. అద్దం అవతల అతని భార్య నిలబడి ఉంది. ఆయన గొంతు విని వారం దాటింది.

"అక్కా, పీకేసుకునేలా ఉన్నాడు. మందు మొదలుపెట్టనా?" పక్క మంచం నర్సు మందు ఎక్కించే పంపు మీద వేలు పెట్టింది.

"ఆగమ్మా. కాస్త ఈ చెయ్యి పట్టుకో."

"నువ్వు ఆగమంటావు సరే, ఆయన ఆగాలిగా."

గొట్టం పీకేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఆ సంగతి ఆగమ్మకీ తెలుసు. కానీ కళ్లు తెరిచినప్పుడు మనిషి నెమ్మదిగానే ఉన్నాడు. మధ్యలో ఏం మారింది?

ఆక్సిజన్ బాగుంది. గొట్టంలో కఫం లేదు.

"గొంతు నొప్పా, బాబాయ్?"

తల అడ్డంగా ఊపాడు. కాళ్లు మాత్రం ముడుచుకుంటున్నాడు. దుప్పటి తీసి పొత్తికడుపు మీద చెయ్యి వేసింది. ఉబ్బి గట్టిగా ఉంది. మంచానికి వేలాడుతున్న మూత్రం సంచి చూసింది. ఇందాక ఖాళీ చేశాక ఒక్క చుక్క పడలేదు.

సంచి ఖాళీ చేశాకే, ఒళ్లు పుండ్లు పడకుండా అతన్ని పక్కకి తిప్పారు. తిప్పింది తనే.

తొడ కింద చెయ్యి పోనిచ్చింది. మూత్రం గొట్టం మడతపడి నలిగిపోయి ఉంది. సరిచేసింది. సంచి బిరబిరా నిండసాగింది. డ్రైవరు చెయ్యి మెల్లగా పరుపు మీద వాలింది.

"తిప్పిందెవరక్కా?"

"నేనే. నవ్వితే నవ్వుకో."

"ఇప్పుడు కాదులే. టీ తాగేటప్పుడు తీరిగ్గా నవ్వుతా."

మధ్యాహ్నం డాక్టరు జరిగింది విని, ఊపిరి పరీక్షించి, నోట్లో గొట్టం తీసేశాడు. భార్యను లోపలికి పిలిచారు.

డ్రైవరు గొంతు బొంగురుగా పలికింది. "నా బండి ఎవరు తోలుతున్నారే?"

"మీరు లేకపోయినా బస్సులు తిరుగుతూనే ఉన్నాయి లెండి," అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ.

పక్క మంచం మీది రోగిని తిప్పబోతున్నారు.

"ఆగమ్మా," అంటూ ఆగమ్మ వెళ్లి ముందుగా మూత్రం గొట్టం పక్కకి జరిపింది.