చెట్టు మొదట్లో ఎండుగడ్డి

హిల్కా పెరట్లోని ఆపిల్ చెట్టు వల్ల తౌనోకి ఏటా నష్టమే. మధ్యాహ్నం దాటితే దాని నీడ కంచె దాటి వచ్చి అతను మొక్కలు పెంచే గాజుగది మీద పడేది. ఫిన్లాండులో వేసవి ఎంతసేపుంటుంది గనక? ఆ కాస్త ఎండలో సగం నీడ తినేస్తే, టమాటాలు పచ్చిగానే మిగిలి చలికి నల్లబడేవి. చెట్టు కొట్టెయ్యమని ఒకసారి అడిగాడు.

"మా ఆయన పెళ్లయిన ఏడు నాటింది తౌనో గారూ. ఆయన పోయాక నాకు మిగిలిందదే. దాని మీద కత్తి పడనివ్వను," అంది హిల్కా.

తౌనో జీవితమంతా కలప వ్యాపారం చేసినవాడు. అడిగితే రాని సరుకును మళ్లీ అడగడు. వేరే దారి వచ్చేదాకా ఆగుతాడు.

అక్టోబరులో ఆకులు రాలాక ఆవిడే కంచె దగ్గరికి వచ్చింది, చేతిలో ఇనప వల చుట్టతో.

"చలికాలం ముందు ఆయన దీన్ని చెట్టు మొదట్లో కట్టేవారు. ఎందుకో ఎప్పుడూ అడగలేదు. నేనూ కట్టనా?"

ఎందుకో తౌనోకి తెలుసు. మంచు పరుచుకున్నాక దాని కింద ఎలుకలు దారులు చేసుకుని తిరుగుతాయి. తిండి లేక బెరడు కొరుకుతాయి. మొదలు చుట్టూ కొరికాయంటే చెట్టు చచ్చినట్టే.

"ఇనుమా! చలికి అది మంచుగడ్డలా చల్లబడి బెరడును పాడుచేస్తుంది. పాతకాలం పద్ధతి. ఇలా ఇవ్వు, పారేస్తాను," అన్నాడు. "చెట్టుకి కావలసింది వెచ్చదనం. మొదట్లో మోకాలెత్తు ఎండుగడ్డి పేర్చు. బెరడుకి ఆనేలా కూరు."

"అంత ఎండుగడ్డి కావాలా?"

"నువ్వు చలికాలం మేజోళ్లు లేకుండా తిరుగుతావా అమ్మా?"

ఆవిడ నవ్వింది. "మీరు లేకపోతే నా తోట గతేమయ్యేదో!"

గడ్డి కూడా తనే తెచ్చిచ్చాడు. ఎలుకలకి ఇల్లు కట్టిపెట్టడమంటే అదే. ఆవిడ పోస్తుంటే కంచె మీద మోచేతులాన్చి, "అటువైపు పలచగా ఉంది, ఇంకాస్త" అని పురమాయించాడు. వల మాత్రం పారెయ్యలేదు. ఆవిడ కిటికీకి కనపడని తన ప్లమ్ చెట్టుకి చుట్టుకున్నాడు. సాయంత్రం ఆవిడ ఆపిల్ మురబ్బా సీసా తెచ్చిచ్చింది. తిన్నాడు. బాగుంది.

ఏప్రిల్లో మంచు కరిగాక హిల్కా కేకేసింది. గడ్డి తీసి చూస్తే మొదలు చుట్టూ జానెడు మేర బెరడు లేదు. లోపలి చెక్క ఎముకలా తెల్లగా ఉంది. గడ్డిలో కళ్లు తెరవని ఎలుక పిల్లలు కదులుతున్నాయి.

"బతుకుతుందా?"

"బతకదు."

"తప్పు నాదేనా తౌనో గారూ? గడ్డి సరిగ్గా పొయ్యలేదా?"

తౌనో లెక్క చూసుకున్నాడు. నిజం చెబితే పొరుగు చెడుతుంది. చెప్పకపోతే తనకి పోయేదేమీ లేదు, బాధంతా ఆవిడ ఖాతాలోనే పడుతుంది.

"ఇంకా దట్టంగా కూరాల్సింది," అన్నాడు. "పోనీలే, ఈ పనికి కొత్తదానివి."

హిల్కా కాండానికి చెయ్యి ఆన్చింది. "ముప్పై ఏళ్లు ఆయన కాపాడారు. నేను ఒక్క చలికాలం కాపాడలేకపోయాను."

తౌనో వెళ్లి రంపం తెచ్చి చెట్టు కోసేశాడు. చేపల్ని పొగలో మగ్గబెట్టుకోవడానికి ఆపిల్ కట్టె మంచిదని కొమ్మలన్నీ తన పెరట్లోకే చేరేశాడు. ఆవిడ కాదనలేదు, పైగా కాఫీ పెట్టిచ్చింది.

"ఆ మొద్దు కూడా తవ్వేస్తారా? చూడలేకపోతున్నాను."

"దానికెవరినైనా పెట్టుకో అమ్మా," అన్నాడు తౌనో కప్పు కిందపెట్టి. "నాకు టమాటా మొక్కల పనుంది."