కుంటోడి నడక

తడిసిన రంపపు పొట్టు తీసేసి, ఎలుక పెట్టెలో కొత్త పొట్టు పరిచింది సామ్రాజ్యం. మూలనున్న తెల్ల ఎలుక కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చి ఆమె అరచేతిలోకి ఎక్కింది.

“వచ్చినావా కుంటోడా!”

నెల్లూరు శివార్లలోని ఆ పరిశోధనశాలలో ఎలుకల గది శుభ్రం చేసే పనిలో ఆమె కొత్తగా చేరింది. చిల్లకూరు దగ్గర లారీ మీంచి పడి తలకు దెబ్బ తగిలినప్పటి నుంచి ఆమె భర్త జడ్సన్ కూడా కుడికాలు ఇలాగే ఈడుస్తాడు. ఈ ఎలుకల మెదడుకు దెబ్బ తగిలించి, ఎదుగుదలకు సాయపడే ఒక ప్రోటీన్‌ను ముక్కులో చుక్కలుగా వేస్తారు. “దెబ్బతిన్న మెదడులో కొత్త కణాలు పుడతాయి,” అని ఆ పరిశోధన చేసే మెర్లిన్ మేడమ్ చెప్పిన రోజు, సామ్రాజ్యం ఆ కబురు జడ్సన్‌కు అన్నంతో కలిపి తినిపించింది.

సన్నటి కర్రపట్టీ మీద నడవలేక పడిపోయిన ఎలుకలు లోపలి గదికి వెళ్లి తిరిగి రాలేదు. నడిచినవాటిని బతకనిస్తారని ఆమె తనకు తానే అనుకుంది. అందుకే పట్టీ చివర బొరుగులు పెట్టి, రోజూ కుంటోడిని బుజ్జగించి నడిపించేది.

ఇవాళ వాడు పడకుండా దాటాడు. మేడమ్ చప్పట్లు కొట్టింది.

“నడిచినాడు మేడమ్! ఇంక వీడికి ఢోకా లేదు గదా?”

“లోపలికి పట్రా. నీ చేతికైతే బెదరదు.”

“నయమైంది గదమ్మా, లోపలికెందుకు?”

“కొత్త కణాలు పుట్టినాయో లేదో మెదడు కోసి చూస్తేనే గదా తెలిసేది! ఏ ఎలుకకైనా చివరికి అంతే. నీకు తెలీదా?” మేడమ్ నిజంగానే ఆశ్చర్యపోయింది.

“మరి మా ఆయనకి ఈ మందు?”

“మనుషుల దాకా రావాలంటే ఏళ్లు పడుతుంది. రాకపోనూ వచ్చు. ఇస్తానని నేనెప్పుడన్నాను, సామ్రాజ్యం?”

అనలేదు, నిజమే. అయినా ఇన్నాళ్లూ జడ్సన్‌కు ఏం చెప్పి నిద్రపుచ్చింది తను? నమ్మించి గొంతు కోశారు అనుకుంటూ చెయ్యి చాపింది. కుంటోడు ఎప్పటిలాగే ఎక్కి కూర్చున్నాడు. ఆ మాట తనకూ తగులుతుందని అప్పుడు తోచింది. అయినా తీసుకెళ్లి ఇచ్చింది.

తలుపు మూసుకుంది. ఆమె తిరిగొచ్చి ఖాళీ పెట్టె కడిగి బోర్లించింది. కర్రపట్టీ చివర, కుంటోడు సగం కొరికి వదిలిన బొరుగు ఉంది.