ఉప్పులో నలభై రోజులు

ఒంటిపూట బడి విడిచిపెట్టారు. శివజ్యోతి ఆరో తరగతి పరీక్ష పేపర్ల కట్ట సంచిలో పెట్టుకుంటూ ఉండగా ఫోను వరసగా నాలుగైదుసార్లు టింగుమంది. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫోటో పెట్టారు. ఎర్రమట్టి కుప్ప మీద చినిగిన అట్టపెట్టె. అందులోంచి సగం బయటపడిన గుడ్డ మూట. మూట మీద కాటుకతో గీసిన పెద్ద కన్ను. కింద ఇలా రాసి ఉంది: "మన కల్లూరులోనే. చేతబడి చేసినోళ్లు దొరికినారు. పిల్లలు జాగ్రత్త."

ఆమె ఫోటోను పెద్దది చేసి చూసింది. కంటి చివర గీత వంకరగా కిందికి జారింది. తరగతిలో ఆ కన్ను గీసిన రోజు, గీసే పిల్లకు సరిగ్గా అక్కడే తుమ్ము వచ్చింది. ఆ తుమ్ముకు తరగతంతా నవ్వింది. తనూ నవ్వింది.

జనవరిలో ఆమె ఈజిప్టు పాఠం చెప్పింది. మమ్మీలు అనగానే పిల్లలు సినిమా దయ్యాలను తలుచుకుని కేకలు పెట్టారు. దయ్యాలు కావని ఆమె ఓపికగా చెప్పింది. పోయిన మనిషికి అవతల ఇంకో బతుకు ఉందని వాళ్లు నమ్మారు. ఆ బతుక్కి కూడా ఈ ఒళ్లే ఇల్లు. ఇల్లు కూలిపోతే ప్రాణం తిరిగొచ్చి ఎక్కడుండాలో తెలియక అల్లాడుతుందని వాళ్ల భయం. అందుకే లోపలి భాగాలు తీసేసి, ఎండిపోయిన చెరువుల అడుగున దొరికే ఉప్పులాంటి సోడాలో నలభై రోజులు ఒళ్లు కప్పిపెట్టేవాళ్లు. తడంతా పోయాక నూనెలు పూసి, నారగుడ్డ పేలికలు చుట్టేవాళ్లు. గుండెను మాత్రం తీసేవాళ్లు కాదు. మనిషి చేసిన మంచీ చెడూ అందులోనే ఉంటాయని, దేవుళ్లు దాన్ని ఈకతో తూకం వేస్తారని అనుకునేవాళ్లు.

"మనమూ చేద్దాం టీచర్" అన్నది షిరీన్. అట్లా మొదలైంది. చికెన్ సెంటర్ నుంచి ఒక కోడిని తెచ్చారు. లోపలంతా శుభ్రం చేయించి, గుండెకాయ మాత్రం ఉంచమని షిరీన్ దుకాణమతనికి రెండుసార్లు చెప్పింది. దొడ్డుప్పులో చాకలి సోడా కలిపి, ప్లాస్టిక్ డబ్బాలో కోడిని పూడ్చి, వారానికొకసారి ఉప్పు మార్చారు. నలభై రోజులకు అది చెక్కలా తయారైంది. లవంగనూనె పూసి, శివజ్యోతి తండ్రి పాత పంచె చింపి చుట్టారు. పేరు నిలిస్తే మనిషి నిలిచినట్టేనని పాఠంలో విన్నారు కాబట్టి దానికి రాణెమ్మ అని పేరు పెట్టి, కాగితం మీద రాసి, కింద ముప్పై ఒక్క మందీ సంతకాలు చేసి, ఆ కాగితాన్ని చివరి చుట్టు కింద దాచారు.

ఎగ్జిబిషన్ అయిపోయింది. కరస్పాండెంట్ జయపాల్ "చచ్చిన కోడి బళ్లో ఎందుకు మేడం, తీయించేయండి" అన్నాడు. తమ ఇంటి పక్కన ఖాళీ ప్లాటు ఉందని, అక్కడ పూడుస్తామని షిరీన్ అడిగింది. శివజ్యోతి పేపర్లు దిద్దుతూ తల కూడా ఎత్తకుండా "సరే, లోతుగా తవ్వండి" అన్నది.

ఎంత లోతు తవ్వారో ఆమె వెళ్లి చూడలేదు.

ఫోను మళ్లీ మోగింది. షిరీన్. గొంతు పిల్లి అడుగులా ఉంది.

"టీచర్, ప్లాటులో జేసీబీ తవ్వతాంటే పెట్టె బయటికొచ్చింది. మా దాదీనే పెట్టిందంటాండారు. శానామంది వచ్చినారు. నేను చెప్పల్యా టీచర్. నాకు బయమేసింది. తలుపెనక ఉండా."

"నువ్వు ఆడనే ఉండు. వస్తాండా."

షిరీన్ నాయనమ్మ గుల్జార్ బీ. దడుపు జ్వరం వచ్చిన పిల్లలకు ఊదు పొగ వేసి నల్లదారం కట్టే ముసలామె. హిందువులూ ముస్లిములూ అందరూ పిల్లల్ని ఎత్తుకొచ్చేవాళ్లు. ప్లాటుకు అవతలి పక్క రేకుల షెడ్డులో కోసిగి నుంచి ఇళ్లు కట్టే బేల్దారు పనికి వచ్చిన ఓబులేష్ కుటుంబం ఉంటోంది. అతని భార్య హులిగెమ్మకు ఎనిమిదో నెలలో కడుపులోనే బిడ్డ పోయి పది రోజులైంది. అంతకు ముందు వారమే గుల్జార్ బీ ఆమె చేతికి దారం కట్టింది. ఆ సంగతి షిరీనే బళ్లో చెప్పింది. ఈ రెండూ కలిపి చూడటానికి జనానికి ఎంతసేపు పడుతుంది?

శివజ్యోతి గోడ మీద ఇంకా వేలాడుతున్న ఎగ్జిబిషన్ చార్టును ఊడబెరికి చుట్ట చుట్టింది. గేటు దగ్గర జయపాల్ ఎదురొచ్చాడు. అతనూ ఫోటో చూశాడు.

"యాడికి మేడం?"

"ఆడికే సార్. అది మన పిల్లలు చేసిందని చెప్పల్ల."

"అడ్మిషన్ల టైము. బడి పేరు ఎత్తితే రేపు ఒక్కరన్నా పిల్లోల్లను పంపిస్తారా? పోలీసులకు ఫోన్ చేద్దాం. వాళ్లు చూసుకుంటారు."

"వాళ్లొచ్చేలోగా ఆ ముసలామెకేమన్నా అయితే సార్?"

అతను రోడ్డు వైపు చూశాడు. "పోతే మీ ఇష్టం. బడి తరఫున పోలేదనుకోండి. ఆ చార్టు ఈడ పెట్టండి."

ఆమె చార్టును చంకలో ఇంకా గట్టిగా బిగించి బయటికి నడిచింది.

షేర్ ఆటో డ్రైవరు ఇంకో ఇద్దరు ఎక్కితే కానీ కదలనన్నాడు. "మిగతా సీట్లు నావే అనుకో, పోనీయప్పా" అన్నది. పోలీసులకు ఫోన్ చేస్తే అటువైపు గొంతు పేరు అడిగింది, వీధి అడిగింది, మళ్లీ పేరు అడిగింది. డ్రైవరు అద్దంలోంచి చూస్తూ అన్నాడు: "మీరూ ఆడికేనా? ఆ ముసలామెను కరెంటు స్తంభానికి కట్టేసినారంట కద."

"నువ్వు చూసినావా?"

"లేదు. అంటాండారు."

ఎండకు రోడ్డు తెల్లగా మెరుస్తోంది. ప్రతి మలుపులోనూ ఆమెకు స్తంభమే కనిపించింది.

కట్టెయ్యలేదు. గుల్జార్ బీ తన గడప మీద కూర్చుని ఉంది. తల మీది గుడ్డ జారిపోయింది, సర్దుకోవడం లేదు. వాకిట్లో కుండ పగిలి నీళ్లు మట్టిలోకి ఇంకుతున్నాయి. నలభై యాభై మంది జనం. జేసీబీ తొట్టి పైకెత్తినట్టే ఆగిపోయింది. మూట చుట్టూ ఎవరో వేపరెమ్మలు గిరిగీసినట్టు పరిచారు. ఓబులేష్ చేతిలో పార పట్టుకుని నిలబడ్డాడు. అతని తల్లి వెంకటేశ్వరమ్మ నేల మీద కూర్చుని గుండెలు బాదుకుంటోంది.

"దారం కడతానని చెయ్యి పట్టుకునింది. నా మనవణ్ణి తీసుకునింది. చెప్పవే, ఎవురు చేయించినారు?"

"అల్లా మీద ఆన, నాకు తెల్దమ్మా" అంటోంది గుల్జార్ బీ. ఎన్నిసార్లు అన్నదో, గొంతు పోయింది.

"అది నాది" అన్నది శివజ్యోతి. జనం గోలలో ఎవరికీ వినపడలేదు. ఇంకోసారి అన్నది. ఈసారి ముందు వరసలో వాళ్లు తిరిగి చూశారు.

"ఏందమ్మా నీది?"

"ఆ మూట. నేను టీచర్ని. మా బడి పిల్లలు చేసినారు. నేనే పూడ్చమన్న్యా. ఈమెకేం తెల్దు."

బడి పేరు ఎత్తకూడదన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. అప్పటికే ఆలస్యమైంది.

"ముసలిదాన్ని కాపాడేకి ఎవురో పంపించినారు" అన్నాడొకడు. "ముట్టుకోవద్దు, లోపల సూదులుంటాయి" అన్నది ఇంకో గొంతు.

ఆమె వేపరెమ్మలు దాటి మోకాళ్ల మీద కూర్చుంది. పూడ్చి నెల దాటింది. మధ్యలో ఒకరోజు వాన కూడా పడింది. నీళ్లు లోపలికి దిగి ఉంటే? కోడి కుళ్లి ఉంటే, పురుగులు పట్టి ఉంటే, ఎన్ని చార్టులు చూపించినా ఎవరు నమ్ముతారు? పాఠం చెప్పిన ఇన్నేళ్లలో మొదటిసారి, ఒళ్లు పాడైపోతుందేమోనని ఆ పాతకాలపు మనుషులు ఎందుకంత భయపడ్డారో ఆమెకు తెలిసింది.

మొదటి చుట్టు విప్పింది. గుడ్డ పొడిగానే ఉంది. లవంగనూనె వాసన, ఉప్పు వాసన. అంతే. మడత కింద కాగితం దొరికింది. విప్పి పైకి పట్టుకుంది.

"రాణెమ్మ అని ఈ కోడి పేరు. ఇవి పిల్లల సంతకాలు. చదువుకోండి."

ఎవరూ ముందుకు రాలేదు. ఆఖరికి లుంగీ కట్టుకున్న ఒకాయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇది మా పాప రాత. ఫర్హానా. ఇంట్లో కూడా చెప్పింది, కోడిని ఉప్పులో పెట్టినామని. ఊరగాయేమో అనుకున్న్యా."

ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వుకు గాలి కొంచెం కదిలింది. చార్టు చేతులు మారింది. ఉప్పు డబ్బా చుట్టూ నిలబడిన పిల్లల ఫోటోలు, పక్కన శివజ్యోతి, అన్నీ అందులో ఉన్నాయి. తలుపు వెనక నుంచి షిరీన్ బయటికొచ్చి నాయనమ్మ భుజం పట్టుకుంది. "నేనే పూడ్చినా" అన్నది, నేలను చూస్తూ.

వెంకటేశ్వరమ్మ మాత్రం లేవలేదు. "కోడిదయితే కోడిదిలే. మరి నా కోడలి బిడ్డ ఎందుకు పోయె?"

శివజ్యోతి ఆమె వైపు తిరిగింది. "నాకు తెల్దమ్మా. దీనివల్ల కాదు. అంతే తెలుసు."

అప్పుడు షెడ్డు వాకిట్లోకి హులిగెమ్మ వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయేమో. తలకు గుడ్డ కట్టుకుని, గోడ పట్టుకుని నిలబడింది.

"ఎందుకట్ల చేస్తారు? సచ్చిపోయినంక?" అని అడిగింది.

ఆమె అడిగేది తననేనని శివజ్యోతికి అర్థమయ్యేసరికి ఒక క్షణం పట్టింది. చెప్పింది. ఆ దేశం పేరు, ఉప్పు, గుడ్డ, గుండె. పోయినవాళ్లు దారి తప్పకూడదని, వాళ్లకు ఆకలి కాకూడదని, తిరిగొస్తే గుర్తుపట్టేలా ఉండాలని.

"పెద్దోళ్లకేనా? చిన్నోళ్లకు కూడానా?"

చెప్పాలా వద్దా అని శివజ్యోతి తడబడింది. చెబితే పచ్చి పుండును కెలికినట్టవుతుంది. చెప్పకపోతే, ఈ పిల్ల అంత కష్టపడి లేచి వచ్చి అడిగింది.

"ఒక రాజు సమాధిలో ఇద్దరు ఆడపిల్లలు దొరికినారు. నెలలు నిండకుండానే పోయినారు. ఇద్దరూ మూరెడు పొడుగు కూడా లేరు. అయినా గుడ్డలు చుట్టి, పెట్టెలో పెట్టె పెట్టి, బంగారు పూత పూసి, రాజు పక్కనే ఉంచినారు."

"పేర్లేంటివి?"

"పేర్లు రాయలేదు. ఏమని పిలుచుకున్నారో ఎవురికీ తెల్దు."

హులిగెమ్మ మొగుడి వైపు తిరిగింది.

"నువ్వు యాడ పెట్టినావు?"

ఓబులేష్ పార మీదికి చూశాడు.

"నాకు చూపియ్యల్యా. ఆడోళ్లు చూడగూడదన్న్యారు. గుడ్డ చుట్టినావా, అట్లనే పెట్టినావా, అదీ చెప్పల్యా."

"హులిగీ, లోపలికి పో" అన్నది అత్త. కానీ ఆ మాటలో ఇందాకటి బలం లేదు.

అప్పుడు పోలీసులు వచ్చారు. ఇద్దరు కానిస్టేబుళ్లు శివజ్యోతి పేరు, ఫోను నంబరు రాసుకున్నారు. జనాన్ని పొమ్మన్నారు. జేసీబీ డ్రైవరు ఆ ప్లాటును ఇక ముట్టనని తాళంచెవి తీసుకుని వెళ్లిపోయాడు.

శివజ్యోతి గుల్జార్ బీ పక్కన గడప మీద కూర్చుంది. ఆమె తలగుడ్డ సర్దబోయింది. ముసలామె తనే సర్దుకుంది.

"నువ్వు రాకుంటే ఏమైతాండె బేటీ?" అన్నది. కృతజ్ఞతతో అన్నట్టు లేదు. నిజంగానే అడిగినట్టు ఉంది. "మా పిల్ల చేతికి ఇట్లాటివి మళ్లీ ఇయ్యొద్దు."

"ఇయ్యను. తప్పు నాదే అమ్మా."

రెండు రోజులకు గుల్జార్ బీ డోన్‌లో ఉన్న చిన్నకొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. ఆ రెండు రోజులూ ఆమె గడపకు ఒక్క పిల్లను కూడా ఎవరూ తీసుకురాలేదని షిరీన్ చెప్పింది. జయపాల్ వచ్చే ఏడు సోషల్ చెప్పడానికి వేరే టీచర్‌ను చూస్తున్నామన్నాడు. శివజ్యోతి తలూపింది. నిద్రలో కూడా ఆమెకు ఆ జనమే కనిపిస్తున్నారు. కాగితం మీద అక్షరాలు వానకు చెరిగిపోయి ఉంటే అన్న చోటికి వచ్చేసరికి మెలకువ వస్తోంది.

నాలుగో రోజు పొద్దున బడి గేటు దగ్గర ఓబులేష్ నిలబడి ఉన్నాడు. సిమెంటు అంటిన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మేడం, ఆమె తిండి తినల్యా. జాగా చూపిచ్చమంటాది. మా యమ్మతో రానంటాది. మీరొస్తే వస్తాదంట."

ముగ్గురూ ఆటోలో హంద్రీ ఏటి ఒడ్డుకు పోయారు. ఏట్లో నీళ్లు లేవు. ఒడ్డు పొడుగునా తుమ్మకంప, ట్రాక్టర్ల చక్రాల జాడలు. ఓబులేష్ ముందు నడిచాడు. ఒక తుమ్మచెట్టు దగ్గర ఆగాడు. చుట్టూ చూసి ఇంకొంచెం ముందుకు పోయాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు.

అతనికి చోటు దొరకడం లేదు. ఇసుక కోసం ఇక్కడ ఎవరైనా తవ్వి ఉంటే? కుక్కలు? హులిగెమ్మ ముఖం వైపు చూడటానికి శివజ్యోతికి ధైర్యం చాలలేదు.

అతను మూడోసారి అటూ ఇటూ నడిచి, రెండు తుమ్మచెట్ల మధ్య నిలబడిపోయాడు.

"ఈడనే" అన్నాడు. కాసేపటికి "ఈడనే అనుకుంటా. ఆ పొద్దు కండ్లు సరిగా కనపళ్యా. నా కొత్త టవాలు చుట్టినా. రాళ్లు పెట్టినా, ఏమైనాయో" అన్నాడు. మొహం పక్కకు తిప్పుకున్నాడు.

హులిగెమ్మ వచ్చి అతను చూపించిన చోట కాదు, దానికి కొంచెం ఇవతల నీడలో కూర్చుంది. ఇసుకను అరచేత్తో సాపు చేసింది.

"కొత్తదేనా?" అని అడిగింది.

"కొత్తదే. ఆదోని సంతలో తెచ్చింది."

"కూచో" అన్నది ఆమె. అతను కూర్చున్నాడు. శివజ్యోతి కొంచెం దూరంగా, ఆటో దగ్గరికి నడిచి వెళ్లి, వాళ్లు లేచేదాకా ఎదురుచూసింది.