గుల్ల బీము

నా పీహెచ్‌డీ మొత్తం ఒక చెడ్డ బీము మీద ఆధారపడి ఉంది. కంకర మధ్య ఖాళీలు మిగిలి గుల్లబారిన కాంక్రీటు ఎంత బలం కోల్పోతుందో నేను కొలవాలి. అందుకే ఒకటి వైబ్రేటర్‌తో కుదించి గట్టిగా, ఒకటి కుదించకుండా గుల్లగా, రెండు బీములు పోయించాను. ఇరవై ఎనిమిది రోజులు గోనెపట్టాలు కప్పి తడిపించాను.

పరీక్ష రోజు గట్టి బీము తొమ్మిది టన్నులకు విరిగింది. గుల్లది ఆరుకే విరగాలి. ఏడు దాటింది, ఎనిమిది దాటింది. చివరికి తొమ్మిదింబావుకు విరిగింది! విరిగిన చోట చూస్తే ఒక్క చిల్లు లేదు.

మా నందిగామ కాలేజీ ల్యాబులో పదహారేళ్ళుగా కాంక్రీటు పోసేది జగ్గయ్యపేట మేస్త్రి ఏసురత్నం. తిన్నగా ఆయన దగ్గరికే వెళ్ళాను.

"రెండోదానికి వైబ్రేటర్ పెట్టొద్దని చెప్పానా లేదా, మేస్త్రిగారూ?"

"చెప్పారండి."

"మరి?"

"ఆ రోజు మీరు టీకెళ్ళారు గదండి. ఆ గుల్ల చూస్తా ఉంటే చెయ్యి ఊరుకోలేదండి. రెండంటే రెండు నిమిషాలే పెట్టా."

ఒళ్ళు మండిపోయింది. థీసిస్‌కు ముప్ఫై రెండు రోజులే గడువు. ఇక పొడిగింపు లేదని మా గైడు వైదేహి గారు ముందే తేల్చేశారు. మళ్ళీ పోస్తే గట్టిపడడానికే ఇరవై ఎనిమిది రోజులు పోతాయి.

"ఇప్పుడే ఇంకోటి పొయ్యండి. గుల్లగా!"

"నా చేత్తో కాదండి. కావాలంటే మాలు కలిపిస్తా."

గొంతు పెద్దది చేశాను, బతిమాలాను. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గత్యంతరం లేక చున్నీ నడుముకు చుట్టి, తట్ట నేనే ఎత్తాను. ఏడుపొచ్చింది. టీకి వెళ్ళలేదు. సాయంత్రం వైబ్రేటర్ వైరు బ్యాగులో వేసుకుని మరీ బస్సెక్కాను.

మర్నాడు బీము పోసిన చెక్కపెట్టె ఊడదీస్తే అంతటా చిల్లులే. నేను కోరుకున్న బీము అచ్చంగా అదే. పట్టాలు తడపబోతున్న మేస్త్రి దాన్ని చూసి మొహం తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం ల్యాబు గుమ్మం దగ్గర పిల్లల నవ్వులు వినిపించాయి. లోపలికి వెళ్ళి చూస్తే, బీము మీద పట్టా పైకి మడిచి ఉంది. పక్కన నేల మీద సుద్దముక్కతో పెద్ద పెద్ద అక్షరాలు:

"ఇది పోసింది సంయుక్త మేడం గారు."

చెరిపేద్దామని తడిగుడ్డ తీసుకున్నాను. కానీ రాసినదాంట్లో అబద్ధమేమీ లేదు.